గుండ్రాయి చేతికొచ్చినప్పుడు

డైనోసార్ గుడ్డు వెతకబోయేవాళ్ళు ముందుగా కోడిగుడ్డుని మరిచిపోవాలి. మన దేశంలో నర్మదా లోయలో బయటపడిన డైనోసార్ గుడ్లకు ఒక కొన సన్నగా, ఇంకో కొన లావుగా ఉండదు. ఇంచుమించు గుండ్రంగా, 15 నుంచి 17 సెంటీమీటర్ల అడ్డకొలతతో ఉంటాయి. అదీ చెక్కుచెదరకుండా మిగిలితేనే. చాలావాటిని మీద పడ్డ మట్టి బరువు అణగదొక్కేసింది. కొన్ని సగమే మిగిలాయి. కొన్ని రాతిలో ఒక వంకర గీతగా తప్ప కనిపించవు. అదే నర్మదలో అచ్చం గుడ్డులాంటి నున్నటి రాళ్ళు కూడా దొరుకుతాయి. బాణలింగాలని తెచ్చుకుని మనవాళ్ళు పూజ గదిలో పెట్టుకునేవి అవే. నది దొర్లించి, మనిషి చెయ్యి మెరుగుపెట్టి ఆ ఆకారం తెచ్చాయి. ఒకే లోయలో గుడ్డు ఆకారంలో ఉన్నది గుడ్డు కాదు, గుడ్డైనదానికి ఆ ఆకారం లేదు.

ఈ అధ్యాయం నిండా రాళ్ళే ఉంటాయి కానీ, నేర్చుకోబోయేది తీర్పు చెప్పే పద్ధతి. ఒక మనిషిని అంచనా కట్టేటప్పుడు అతని మాట, హోదా, మన మొహమాటం, ఇంట్లోవాళ్ళ పోరు అన్నీ అడ్డొస్తాయి. రాయి దగ్గర అడ్డొచ్చేది మన ఆశ ఒక్కటే. అందుకే సాధనకి రాయి సులువు.

పల్నాడులో ముప్పాళ్ళ దగ్గర ఒక మిరప చేలో నీటికుంట తవ్విస్తున్నారనుకోండి. జేసీబీ బకెట్లో మట్టితోపాటు గుండ్రటి రాయి ఒకటి వచ్చింది. సెలవులకి ఊరొచ్చిన మేనల్లుడు దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు.

"మావయ్యా, ఇది డైనోసార్ గుడ్డులా ఉంది."

"ఏందిరా నువ్వనేది? యాడన్నా చూశావా డైనోసార్ గుడ్డుని?"

"ఫోన్లో చూశా. అచ్చం ఇట్టాగే ఉంది."

"ఫోన్లో చూసినోడివి, లోపలేముందో గూడా చూసే ఉంటావుగా?"

మేనమామ అడిగింది మంచి ప్రశ్నే. కాకపోతే దాని వంతు తర్వాత. మొదటి ప్రశ్న అడగాల్సింది రాయిని కాదు, అది పడి ఉన్న నేలని.

నేల ఎప్పటిది?

పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో కాల్చే రాయి, నడికుడి, దాచేపల్లి వైపు సిమెంటు కంపెనీలు తవ్వుకుంటున్న రాయి, మన ఇళ్ళ వసారాల్లో పరిచిన మాచర్ల నాపరాయి, ఇవన్నీ ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న బురద. వాటి వయసు ఎంత తగ్గించి చెప్పుకున్నా 50 కోట్ల ఏళ్ళ పైమాట. వాటికి అడుగున ఉన్న గ్రానైటు, నైసు జాతి రాళ్ళు 200 కోట్ల ఏళ్ళు దాటినవి. డైనోసార్లు సుమారు 23 కోట్ల ఏళ్ళ కిందట వచ్చాయి, 6.6 కోట్ల ఏళ్ళ కిందట పోయాయి. వాటిదాకా ఎందుకు, పొడినేల మీద గుడ్డు పెట్టే ఏ జంతువైనా పుట్టకముందే పల్నాడు నాపరాయి తయారై కూర్చుంది.

కాబట్టి ఇక్కడి బండలోంచి వచ్చిన గుండ్రాయిని చూడకుండానే చెప్పొచ్చు, అది డైనోసార్ గుడ్డు కాదని. ఇదేదో తొందరపాటు తీర్పులా వినిపిస్తుంది కానీ కాదు. రోజుకి వందకి రెండు రూపాయల వడ్డీ ఇస్తానన్నవాడు తెచ్చిన కాగితాల మీద సంతకాలు సరిపోయాయా లేదా అని చూస్తూ కూర్చోం కదా. ముందు అది జరిగే పనేనా అని చూస్తాం. జరగదని తేలితే కాగితాల జోలికే పోం. రాయి దగ్గర కూడా అదే వరస.

మరి జరిగే చోట్లు ఎక్కడున్నాయి? డైనోసార్ల కాలంలో పేరుకున్న పొరలు ఉన్నచోట. తెలుగునేల మీద అలాంటివి లేకపోలేదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, ప్రాణహిత, గోదావరి లోయ రాళ్ళలో దొరికిన ఎముకల ఆధారంగా పి. యాదగిరి 1988లో ఒక డైనోసార్‌కి కోటాసారస్ అని పేరు పెట్టారు. ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. అదే 1988లో వికారాబాద్ వైపు నస్కల్ గ్రామం దగ్గరి మట్టిని కడిగి జల్లెడ పట్టి, డైనోసార్ల కాలం నాటి బుల్లి క్షీరదాల పళ్ళు దొరికాయని అశోక్ సాహ్ని, గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్ ప్రకటించారు. డైనోసార్ల కాలంలో చివరి భాగమైన క్రెటేషియస్ నాటి క్షీరదం మన దేశంలో దొరకడం అదే మొదలు. కంటికి ఆనని పన్ను కోసం మట్టి జల్లెడ పట్టిన ఆ ప్రసాద్ గారే తర్వాత ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి మధ్యప్రదేశ్ ధార్ జిల్లాలో గుడ్ల మీద పనిచేశారు. 2023 జనవరిలో హర్ష ధీమన్, ఆయన, మరికొందరు కలిసి ప్రచురించిన వ్యాసంలో లెక్క 92 గూళ్ళు, 256 గుడ్లు.

అన్ని గూళ్ళు ఒకేచోట ఉన్నాయంటే ఆ నేల అందుకు తగ్గది. ఆ గుడ్లు ఉన్నది లామెటా పొరలు అనే ఇసుక కలిసిన సున్నపురాతిలో, వయసు 7 కోట్ల ఏళ్ళకి కాస్త అటూ ఇటూ. అక్కడ గుండ్రాయి కనిపిస్తే ఆగి వంగి చూడాలి. పల్నాడు నాపరాతిలో కనిపిస్తే దాటి వెళ్ళిపోవచ్చు.

అయితే పల్నాడు అంతా బండే కాదు. బండ మీద నల్లరేగడి ఉంది, వాగుల ఒడ్డున గులకరాళ్ళ పొరలున్నాయి. అవి బండ కంటే చాలా చాలా చిన్నవి, వయసులో. వాటి సంగతి వేరు. ఆ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అక్కడికే వద్దాం.

గుండ్రన కావడానికి గుడ్డే అక్కర్లేదు

మనకి గుండ్రటిది ఏది కనిపించినా ఎవరో చేసిందనో, ఏదో పెట్టిందనో అనిపిస్తుంది. రాయి దానంతటదే గుండ్రనవుతుందంటే మనసు ఒప్పుకోదు. అందుకే అది ఎలా అవుతుందో ఒకసారి కుదురుగా చూడటం మంచిది.

గ్రానైటు సంగతి చూడండి. భూమిలో ఉన్నప్పుడే దానికి అడ్డంగా, నిలువుగా పగుళ్ళుంటాయి. బండ మొత్తం పెద్ద పెద్ద దిమ్మెలుగా విడిపోయి ఉంటుంది. వాన నీరు ఆ పగుళ్ళలోకి దిగి రాతిని కొంచెం కొంచెంగా తినేస్తుంది. దిమ్మె ముఖం మీద నీటి దాడి ఒక్క వైపు నుంచే. అంచు మీద రెండు వైపుల నుంచి. మూల మీద మూడు వైపుల నుంచి. అందుకని మూల ముందు పోతుంది, తర్వాత అంచు పోతుంది, చివరికి లోపల ఒక గుండు మిగులుతుంది. చెక్కినవాడు లేడు, దొర్లించిన ఏరు లేదు. ఉన్నచోట ఉండగానే నలుచదరపు దిమ్మె గుండ్రన అయిపోయింది. ఆ గుండు పైపొర ఊడుతుంటుంది. దాన్ని చూసి పెంకు రాలుతోందని గంతులేసేవాళ్ళున్నారు. ఊడిన పొర కింద ఇంకో పొర, దాని కింద మరో పొర, ఉల్లిపాయ ఒలిచినట్టు వస్తూనే ఉంటే అది పెంకు కాదు. గుడ్డుకి పెంకు ఒక్కటే.

(ఒక్కటే అన్నానా, ప్రకృతి అక్కడా ఒక మినహాయింపు పెట్టింది. గుడ్డులో గుడ్డు ఉన్న ఒక డైనోసార్ శిలాజం ధార్ జిల్లాలోనే దొరికిందని 2022లో అదే ఢిల్లీ బృందం ప్రకటించింది. రెండు పెంకుల మధ్య ఎడం స్పష్టంగా ఉంది. ఇలాంటిది మీకు దొరుకుతుందని లెక్కేసుకుని బయల్దేరకండి.)

నల్లరేగడిలో ఇంకో రకం. వానాకాలం నీళ్ళలో కరిగిన సున్నం ఎండాకాలం మళ్ళీ గట్టిపడుతూ తెల్లటి ముద్దలు కడుతుంది. నాగలికీ, గుంటకకీ తగిలి పైకొచ్చే ఆ సున్నపు గడ్డలు ఉసిరికాయంత నుంచి పిడికిలంత దాకా ఉంటాయి. తెలుపు, గుండ్రన, పైన కాస్త గరుకు. గుడ్డు అనిపించడానికి కావలసినవన్నీ ఉన్నాయి, పెంకు తప్ప.

మూడో రకాన్ని భూగర్భ శాస్త్రవేత్తలు కాంక్రీషన్ అంటారు. బురదలో ఒక ఆకో, గుల్లో, ఎముక ముక్కో చిక్కుకుంటుంది. చుట్టూ ఊరే నీటిలో కరిగి ఉన్న సున్నమో, ఇనుమో దాన్ని పట్టుకుని గట్టిపడటం మొదలుపెడుతుంది. అన్ని వైపులా సమానంగా పెరుగుతుంది కాబట్టి గుండ్రన అవుతుంది. తర్వాత చుట్టూ ఉన్న మెత్తటి మట్టి కొట్టుకుపోయి ఆ గుండు ఒక్కటే మిగులుతుంది. కొన్నింటికి ఎండిపోయేటప్పుడు లోపలి నుంచి పగుళ్ళు పుట్టి, వాటిలో వేరే రంగు ఖనిజం నిండుతుంది. చిట్లిన గుడ్డుని అతికించినట్టు కనిపించేవి ఇవే. ప్రపంచమంతా డైనోసార్ గుడ్ల కింద చెలామణీ కావడంలో పెద్దపీట వీటిదే.

ఇక మనుషులు చేసినవి. కొండవీడు, బెల్లంకొండ కోటలున్న జిల్లా మనది. ఫిరంగుల్లో వాడిన రాతి గుండ్లు ఎక్కడైనా తేలొచ్చు. పాత రుబ్బురోలు పొత్రం సగం విరిగి మట్టిలో పడి ఉన్నా గుడ్డులాగే ఉంటుంది. ఉలి దెబ్బలు, అరిగిన నునుపు వేలితో తడిమితేనే తెలిసిపోతాయి.

పెంకు దగ్గర ఆగండి

గుడ్డుని గుడ్డు చేసేది ఆకారం కాదు, బరువు కాదు, లోపల ఉన్నది కూడా కాదు. పెంకు. అది లేని గుండ్రాయి ఎంత అందంగా ఉన్నా గుండ్రాయే.

బరువు సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ మొదట చేసే పని చేత్తో తూచి చూడటం. 15 సెంటీమీటర్ల గుండు రాయి నాలుగున్నర కిలోల దాకా తూగుతుంది. అంతే కొలత ఉన్న శిలాజ గుడ్డు కూడా ఇంచుమించు అంతే తూగుతుంది. ఎందుకంటే దాని లోపల ఉండేదీ రాయే. పెంకు పగిలినచోట నుంచి బురద లోపలికి పోయి గట్టిపడింది. కోసిన రాయిలో నడుమ పసుపు రంగు ముద్ద చూపించి పచ్చసొన అని చెప్పే వీడియోలు మీకూ వచ్చే ఉంటాయి. సొన కుళ్ళడానికి వారం చాలు, కోట్ల ఏళ్ళు అక్కర్లేదు. ఆ పసుపు ఇనుము తుప్పుది.

నిమ్మకాయ పిండి చూడమని ఇంకొందరు చెబుతారు. పెంకులో ఉన్నది సున్నపు ఖనిజమే, పులుపు తగిలితే నురగ వస్తుంది, నిజమే. కానీ నాపరాయి మీద పిండినా నురగ వస్తుంది, నల్లరేగడిలోని సున్నపు గడ్డ మీద పిండినా వస్తుంది. పల్నాడులో ఈ పరీక్ష పాసు కాని రాయి వెతుక్కోవాలి. పైగా నిజంగా పెంకే అయితే దాని పైపొరని మీరే కరిగించినవాళ్ళవుతారు. మానెయ్యండి.

పెంకుని పెంకుగా గుర్తుపట్టడానికి కావలసింది పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం, పగటి వెలుగు, తొందర లేకపోవడం. రాయికి ఎక్కడైనా పెచ్చు లేచిన చోటు చూడండి. అక్కడ మెట్టులాంటి అంచు కనబడాలి. ఆ మెట్టు మందం ఎక్కడ కొలిచినా ఇంచుమించు ఒకటే ఉండాలి. డైనోసార్ పెంకులు సాధారణంగా ఒకటి రెండు మిల్లీమీటర్లు, కొన్ని ఇంకాస్త మందం. మన పది రూపాయల బిళ్ళ మందం రెండు మిల్లీమీటర్లకి కాస్త తక్కువ, కాబట్టి కొలతకి జేబులోని బిళ్ళ సరిపోతుంది. పెంకు రంగు, లోపలి రాయి రంగు వేరుగా ఉండాలి, వాటి మధ్య గీత తెగినట్టు ఉండాలి. ఒక రంగు ఇంకో రంగులోకి మెల్లగా కలిసిపోతుంటే అది రాయి పైన పట్టిన ఎండా వానల పొర, పెంకు కాదు.

ఇప్పుడు పైభాగం. నర్మదా లోయలోని పొడుగుమెడ డైనోసార్ల గుడ్ల పెంకు నున్నగా ఉండదు. భూతద్దంలో చూస్తే చిన్న చిన్న బుడిపెలు పక్కపక్కనే పేర్చినట్టు కనిపిస్తాయి. వాటి సందుల్లో సూదిమొన అంత రంధ్రాలు. లోపలి పిల్ల గాలి పీల్చుకున్నది వాటిలోంచే. గుడ్డు పరిమాణానికి హద్దు గీసింది కూడా ఈ గాలే. గుడ్డు పెద్దదయ్యే కొద్దీ పెంకు మందం కావాలి, మందం పెరిగే కొద్దీ గాలి ఆడదు, పిల్ల పొడిచి బయటికి రాలేదు. అందుకే మీటరు అడ్డకొలత ఉన్న గుడ్డు ఏ జంతువూ పెట్టలేదు. అంత గుండ్రాయి పక్కన నిలబడి ఎవరైనా ఫొటో పంపితే రంధ్రాల దాకా పోనక్కర్లేదు.

ఇంత చూసినా చివరి మాట మనది కాదు. ప్రయోగశాలలో పెంకు ముక్కని 0.03 మిల్లీమీటర్ల పలుచన వచ్చేదాకా అరగదీసి, ప్రత్యేకమైన సూక్ష్మదర్శిని కింద పెడతారు. పెంకైతే స్ఫటికాలు లోపలి అంచున చిన్న చిన్న కేంద్రాల దగ్గర పుట్టి బయటికి విచ్చుకుంటూ పోయిన వరస కనిపిస్తుంది. కాంక్రీషన్‌కి ఆ వరస రాదు. మన కన్ను ఇవ్వగలిగింది అనుమానమే, తీర్పు కాదు. చాలామందికి ఇది చిన్నతనంగా అనిపిస్తుంది. నాకు మాత్రం ఒక మంచి అనుమానాన్ని తీర్పు ఇవ్వగలిగినవాడి చేతికి చేర్చడమే పెద్ద పని అనిపిస్తుంది.

పక్కపక్క జిల్లాల్లో రెండు ఫలితాలు

తమిళనాడులో అరియలూర్, పెరంబలూర్ పక్కపక్క జిల్లాలు. రెండింటిలోనూ డైనోసార్ల కాలపు రాళ్ళున్నాయి. 2009లో అరియలూర్ జిల్లా సెందురై దగ్గర సేలం పెరియార్ విశ్వవిద్యాలయం పరిశోధకులు డైనోసార్ గుడ్ల గూళ్ళు కనుక్కున్నారు. 2020 అక్టోబరులో పెరంబలూర్ జిల్లా కున్నం దగ్గర చెరువులో పూడిక తీస్తుంటే గుండ్రటి పెద్ద రాళ్ళు బయటపడ్డాయి. ఇంకేముంది, డైనోసార్ గుడ్లంటూ ఫొటోలు ఫోన్ల నిండా తిరిగాయి. తెలిసినవాళ్ళు వెళ్ళి చూస్తే అవి కాంక్రీషన్లు, అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్లలు ఉన్న పొరల్లోవి. అంటే నేల సరైనదే అయినా రాయి గుడ్డు కాకపోవచ్చు. మొదటి ప్రశ్న దాటితే రెండో ప్రశ్న మిగిలే ఉంటుంది.

అక్కడ ఊరంతా నిరుత్సాహపడ్డారంటే నాకు జాలే వేసింది. మన ఇళ్ళలో భక్తిగా పూజించే సాలగ్రామాల్లో చక్రం ఆకారంలో కనిపించేది ఆ అమ్మోనైటే, గండకీ నదిలోది. పెరంబలూర్‌లో నిలబడ్డ చోట ఒకప్పుడు సముద్రం ఉందని ఆ గుండ్లు చెబుతున్నాయి. గుడ్డు కాదు అన్న మాట దగ్గరే చెవులు మూసుకుంటే తర్వాతి మాట వినబడదు.

దీనికి భిన్నంగా ధార్ జిల్లా పడ్ల్యా గ్రామం ఉంది. అక్కడివాళ్ళు అరచేతిలో పట్టే గుండ్రాళ్ళని కాకర్ భైరవుడని తరతరాలుగా పొలాల్లో పెట్టి పూజిస్తున్నారు. అవి డైనోసార్ గుడ్ల శిలాజాలని లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ నిపుణులు గుర్తించారన్న వార్త 2023 డిసెంబరులో వచ్చింది. ఆ వార్త చదివి నవ్వినవాళ్ళున్నారు. నవ్వాల్సింది ఏముంది? పగలగొట్టకుండా, అమ్ముకోకుండా, ఉన్న ఊరు దాటించకుండా దాచారు. చదువుకున్నవాళ్ళం అంతకంటే బాగా చూసుకునేవాళ్ళమా?

గుండ్రాయి కాదు, పెచ్చు

ఇప్పుడు పల్నాడు నల్లరేగడికీ, వాగు ఒడ్డు గులకరాళ్ళకీ వద్దాం. ఈ పొరల్లో డైనోసార్లు ఉండవు కానీ మనుషులు రాతి పనిముట్లతో తిరిగిన కాలపు జంతువులు ఉండొచ్చు. మన పక్కనే ఉన్న ప్రకాశం జిల్లాలో అలాంటి నేలలోనే 41,000 ఏళ్ళనాటి నిప్పుకోడి గూడు దొరికింది. అవును, ఆస్ట్రిచ్ పక్షే. ఇవాళ ఆఫ్రికాలో తిరిగే పక్షి ఒకప్పుడు మన ప్రకాశంలో గుడ్లు పొదిగింది. వడోదరలోని ఎం.ఎస్. విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇతర దేశాలవాళ్ళతో కలిసి చేసిన ఆ తవ్వకం సంగతి 2024లో బయటికొచ్చింది. ప్రపంచంలోకెల్లా పాత నిప్పుకోడి గూడు ఇదేనని వాళ్ళ మాట.

అక్కడ వాళ్ళ చేతికొచ్చింది గుండ్రటి గుడ్లు కాదు. చిన్న జాగాలో సుమారు 3,500 పెంకు ముక్కలు. గోరంత, బిళ్ళంత పెచ్చులు. వాటిని బట్టే అది గూడని, అందులో పదీ అటూ ఇటూ గుడ్లు ఉండేవని లెక్కగట్టారు. వాగు గట్టున నడిచే మనలో ఎంతమంది ఆ పెచ్చుల్ని చూసి పింగాణీ ముక్కలనుకుని దాటిపోతాం? గుండ్రాయి అయితే ఊరంతా మూగేది.

ఇలాంటి పెచ్చులు ఎంత మాట్లాడతాయో చెప్పడానికి ఇంకో ఉదాహరణ మన హైదరాబాద్‌లోనే ఉంది. రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో దొరికిన నిప్పుకోడి పెంకుల నుంచి సీసీఎంబీ శాస్త్రవేత్తలు డీఎన్ఏ తీసి, అవి ఆఫ్రికా నిప్పుకోడి చుట్టాలేనని 2017లో తేల్చారు. వాటి వయసు 25,000 ఏళ్ళ పైమాట.

అందుకే పల్నాడు పాఠకులకి నా సలహా, కన్నుని గుండ్రటివాటి మీంచి చదునైనవాటి మీదకి మళ్ళించుకోండి. వానలు వెలిసిన తర్వాత వాగు కోసిన గట్టు మొహం చూడండి. సుమారు రెండు మిల్లీమీటర్ల మందంతో, కాస్త వంపు తిరిగి, అంచులు తెగినట్టున్న పాలిపోయిన పెచ్చు కనిపిస్తే భూతద్దం తీయండి. పైన నున్నగా ఉండి, సన్నటి రంధ్రాలు గుంపులుగా కనిపిస్తే దాని పక్కన ఇంకోటి ఉందేమో చూడండి. కోడి పెంకు 0.3, 0.4 మిల్లీమీటర్లకి మించదు, గోటితో విరిగిపోతుంది. నత్తగుల్ల వంపు ఒకచోట బిగుసుకుంటూ పోతుంది. కుండ పెంకుకి మధ్యలో మట్టి రంగు బయటపడుతుంది. వీటిని వేరు చేయడానికి పట్టుదల కంటే అలవాటు ముఖ్యం. ఇంట్లో ఒక కోడి పెంకు, ఒక నత్తగుల్ల, ఒక కుండ పెంకు పక్కపక్కనే పెట్టి చూస్తే ఒక పూటలో వచ్చేస్తుంది.

దొరికిందనుకున్నాక

చేతులు కట్టుకోండి. ఇది అన్నిటికన్నా కష్టం.

గుజరాత్‌లో ధోలీ డుంగ్రీ అనే ఊరి దగ్గర 1984లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకి చెందిన ధనంజయ్ మొహబే డైనోసార్ గుడ్లున్న రాతి దిమ్మె ఒకటి తీశారు. అందులో ఉన్న ఎముకలు డైనోసార్ పిల్లవని అప్పట్లో అనుకున్నారు. 2001లో అమెరికా నుంచి వచ్చిన జెఫ్రీ విల్సన్ ఆ దిమ్మెని చూసి, కొన్ని వెన్నుపూసలు పామువని గుర్తుపట్టారు. 2010లో అందరూ కలిసి ప్రచురించారు. గూట్లో చిట్లిన గుడ్డు, పక్కన అర మీటరు పొడవుండే పిల్ల, గుడ్డుని చుట్టుకుని మూడున్నర మీటర్ల పాము. సనాజే ఇండికస్ అని దానికి పేరు. దిమ్మె లోంచి గుడ్డుని మాత్రం ఊడబీకి ఎవరైనా షోకేసులో పెట్టుకుని ఉంటే ఆ పాము ఎప్పటికీ పాము అయ్యేది కాదు. గుడ్డు చుట్టూ ఉన్న మట్టి కూడా గుడ్డులో భాగమే అనుకోండి.

కాబట్టి రాయిని కడగొద్దు, గీకొద్దు, సుత్తి దగ్గరికి రానీయొద్దు. ఉన్నచోట ఉండగానే పక్కన ఒక బిళ్ళ పెట్టి దగ్గర ఫొటో, పారో గడ్డపారో నిలబెట్టి దూరం ఫొటో తీయండి. ఫోన్లో ఆ చోటు గుర్తు పెట్టుకోండి. ఎంత లోతులో వచ్చింది, ఏ రంగు మట్టిలో వచ్చింది, పక్కన ఇంకేమన్నా వచ్చాయా అన్నది అప్పుడే కాగితం మీద రాయండి. సాయంత్రానికి జ్ఞాపకం కథగా మారిపోతుంది. ఆ కాగితం, ఫొటోలు హైదరాబాద్ బండ్లగూడలో ఉన్న భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దక్షిణ ప్రాంత కార్యాలయానికో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలాంటి చోట భూగర్భ శాస్త్ర విభాగానికో పంపండి. "డైనోసార్ గుడ్డు దొరికింది" అని మొదలుపెట్టకండి. "ఫలానా చోట, ఫలానా లోతులో, ఇంత కొలత ఉన్న రాయి వచ్చింది, పైన ఇలాంటి పొర ఉంది, ఇదేమై ఉంటుంది?" అని రాయండి. మొదటి రకం ఉత్తరాలు వాళ్ళకి రోజూ వస్తుంటాయి.

జవాబు వచ్చేలోపు ఇంకొకరు రావచ్చు. ఎవరో తెలిసినవాళ్ళ ద్వారా తెలిసినవాడు, లక్షలు పలుకుతుందని, ముందు పరీక్ష ఖర్చు మీరే పెట్టుకోవాలని చెబుతాడు. రైస్ పుల్లింగ్ చెంబుల పేరుతో మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్ళు మునిగాయో తెలిసిందే, ఇది దాని తమ్ముడు. రాళ్ళ మీద ఆశ మనకి కొత్తేం కాదు. వజ్రాలకి పేరుపడ్డ కొల్లూరు మన జిల్లాలోదే, ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం వంగి నడిచేవాళ్ళని ఏటా చూస్తూనే ఉన్నాం. అక్కడ కనీసం కొనేవాడు రాయి చూసి డబ్బిస్తాడు. మీ దగ్గరే డబ్బు అడిగేవాడికి రాయి చూపించాల్సిన పని కూడా లేదు.

ఎక్కువసార్లు వచ్చే జవాబు ఒకటే, అది గుడ్డు కాదు. అప్పుడు ఇంకో ప్రశ్న అడగండి, మరి గుండ్రన ఎలా అయింది? కాంక్రీషన్ అనో, సున్నపు గడ్డ అనో చెబుతారు. దాచక్కర్లేదని వాళ్ళ నోటే వచ్చాక సుత్తి తీయొచ్చు. కళ్ళకి అద్దాలు పెట్టుకుని, గోనెపట్టా మీద పెట్టి, నడుమకి ఒక్క దెబ్బ. నల్లరేగడి గడ్డ అయితే దాని నడిమధ్యలో ఒక వేరు పోయిన సన్నటి గొట్టమో, బియ్యపు గింజంత నత్తగుల్లో ఉండొచ్చు. విరిగిన రెండు ముఖాలూ తడిపి చూడండి, తడిసినప్పుడు పొరలు బాగా తేలతాయి.